మా అక్క చూడదలచిన యంత్రము

హైదరాబాదులోని సాలార్‌జంగు ప్రదర్శనశాలను చూచినవారికి అచ్చటి గడియారము సంగతి తెలిసియే యుండును. మేలిముసుగు రెబెకా విగ్రహమును, దంతపు కుర్చీలను, జాతిరాళ్లు పొదిగిన కత్తులను చూచుచు తిరుగుచున్న జనులు, గంట కొట్టు వేళ సమీపించినంతనే వానినన్నిటిని విడిచి ఆ గడియారము ముందు చేరుదురు. లోపలినుండి గడ్డపు బొమ్మ యొకటి వెడలివచ్చి, గంట మ్రోగించి, మరల లోనికి పోవును. దానిని చూచుటకై పిల్లలు ముందు వరుసలకు దూరుదురు. పెద్దలు మునివ్రేళ్లపై నిలుతురు. ఆ బొమ్మ గొప్ప శిల్పమేమియు కాదు. తక్కిన వస్తువులన్నియు ఊరకున్నవి. అది యొక్కటి కదలుచున్నది. అంతే దాని మహిమ.

గంట మ్రోగిన మరునిమిషమున వచ్చినవాని గతి వేరు. వానికి గడియారము కనబడును గాని దాని ఆట కనబడదు. టిక్కెట్టు వెల మాత్రము ఇద్దరికిని ఒక్కటియే. 2025వ సంవత్సరము జూన్ నెలలో, కాలిఫోర్నియా రాష్ట్రమున, మా అక్కకు ఒక ప్రదర్శనశాలను చూపుటకై ఏర్పాట్లు చేయుచున్నప్పుడు నాకు ఈ సంగతి పలుమారు జ్ఞప్తికి వచ్చినది. ఏలయన అది గణనయంత్రముల చరిత్రకు సంబంధించిన ప్రదర్శనశాల. నడువని గణనయంత్రము ఇనుప బీరువా వంటిది. శిల్పమునకును చిత్రపటమునకును గల అందము దానికి లేదు. రంగు వేసిన రేకుపెట్టెలను ఎంతసేపు చూచి మెచ్చుకొనగలము?

మా మేనల్లుడు సన్నీవేలు అను పట్టణమున నివసించుచున్నాడు. కంప్యూటర్లు చేయవలసిన పనులను వానికి అర్థమగు భాషలో వ్రాసి యిచ్చుట అతని వృత్తి. ఆ ప్రాంతమున మన తెలుగువారు వేలకొలదిగా ఉన్నారు; ఉదయమున వాహ్యాళికి బయలుదేరినచో ఎవరో యొకరు "ఏ ఊరండీ మీది?" అని పలుకరింపక మానరు. తల్లిని, మేనమామనైన నన్ను తనయొద్దకు పిలిపించుకొని, మేము చూడవలసిన స్థలముల పట్టికను అతడు ముందుగనే సిద్ధము చేసి యుంచెను. శాన్‌ఫ్రాన్సిస్కోలోని గోల్డెన్ గేట్ వంతెన, లివర్మోరులోని శివవిష్ణ్వాలయము, సముద్రతీరము, ఆకాశమునంటు రెడ్‌వుడ్ వృక్షముల వనము, ఇవన్నియు అందుండెను. పట్టిక చివర చిన్న అక్షరములతో "కంప్యూటర్ హిస్టరీ మ్యూజియము, మౌంటెన్ వ్యూ: దారిలో, అరగంట" అని యుండెను.

మా అక్క కండ్లద్దములు సవరించుకొని ఆ పట్టికను పైనుండి క్రిందివరకు చదివెను. వంతెనను గూర్చి అడుగలేదు. "అందు కార్డులు పొడుచు యంత్రమున్నదా, నాయనా?" అని మాత్రము అడిగెను.

"ఉండవచ్చునమ్మా. పాత సామానంతయు అచ్చటనే చేర్చియుందురు," అని అతడు నవ్వెను.

అతడు మంచివాడు, తల్లి యనిన ప్రాణము. కాని ఆమె చేసిన ఉద్యోగమేమో అతడెన్నడును సరిగా ఎరుగడు. మిత్రులతో చెప్పునప్పుడు "అమ్మ రైల్వేలో టైపు చేసెడిది" అనును. ఆమెయు దానిని దిద్దదు. నాకు మాత్రము ఆ మాట రుచింపదు.

మా అక్క 1968లో, ఇరువదియవ యేట, రైల్వేవారి యొక లెక్కల కార్యాలయమున ఉద్యోగమున చేరినది. అప్పుడు నాకు పదేండ్లు. మా ఇంట ఉద్యోగము చేసిన మొదటి స్త్రీ ఆమెయే. ఆమె పని పేరు పంచింగ్ ఆపరేటరు. 1960 దశకములో మన రైల్వేల ప్రధాన కార్యాలయములందు ఐ.బి.ఎం. సంస్థవారి 1401 అను గణనయంత్రములు నెలకొల్పబడెను. ఆ యంత్రమునకు కన్నులు లేవు, చెవులు లేవు. మనము వ్రాసిన వ్రాత దానికి తెలియదు. దానికి తెలిసినదెల్ల చిల్లు ఉన్నదా, లేదా అనునదే. కావున లెక్కలన్నిటిని ముందుగా గట్టి కాగితపు కార్డులపై చిల్లులుగా మార్చి దానికి అందింపవలెను. ఊరూరి స్టేషనులనుండి వచ్చిన సరకుల పత్రములు, బండి పెట్టెల సంఖ్యలు, ఉద్యోగుల జీతభత్యములు, ఇవన్నియు మా అక్క వంటి వారి వ్రేళ్లగుండా పోయి చిల్లులైన పిదపనే యంత్రమునకు చేరుచుండెను.

ఆ కార్డు పొడవు ఏడు అంగుళములపైన మూడెనిమిదవ వంతులు. వెడల్పు మూడుంబాతిక అంగుళములు. దానిపై 80 నిలువు వరుసలు, 12 అడ్డు వరుసలు. ఒక్కొక్క నిలువు వరుసయందు ఒక అంకెయో, ఒక అక్షరమో పట్టును. అంకెకు ఒక చిల్లు, అక్షరమునకు రెండు. పంచింగ్ యంత్రము ముందు కూర్చున్నవారు ఎడమచేత పత్రములు త్రిప్పుచు, కుడిచేత మీటలు నొక్కుచుందురు. అంకెల మీటలన్నియు కుడిచేతి క్రిందనే యుండుట ఇందులకే. మీటను నొక్కగానే చిన్న ఉక్కు కత్తి దిగి దీర్ఘచతురస్రపు చిల్లును కొట్టును. గంటకు ఎనిమిదివేల మీటలు నొక్కవలెనని ఆమె కార్యాలయమున నియమము. చిల్లులనుండి రాలిన కాగితపు నలుసులు చీర కుచ్చెళ్లలో చేరి ఇంటికి వచ్చెడివి. సాయంకాలము ఆమె వాకిట చీర దులుపుకొనుచుండగా నేను వానిని ఏరి అగ్గిపెట్టెలో దాచుకొనెడివాడను.

అయితే కార్డు పొడుచుటతో పని ముగిసినట్లు కాదు. నాకు మిక్కిలి ఆశ్చర్యము కలిగించునది దాని తరువాతి భాగము. పొడిచిన కార్డులన్నియు వెరిఫయరు అను మరియొక యంత్రమునకు పోవును. అది చూచుటకు పంచింగ్ యంత్రము వలెనే యుండును గాని చిల్లు కొట్టదు. దాని ముందు వేరొక స్త్రీ కూర్చుండి, అదే పత్రమును చూచుచు, అదే లెక్కను మొదటినుండి మరల నొక్కును. ఆమె నొక్కిన మీటయు, కార్డుపైనున్న చిల్లును ఏకీభవించినచో కార్డు ముందునకు జరుగును. లేనిచో దీపము వెలిగి మీటలు బిగిసిపోవును. కార్డు తుదివరకు సరిపోయినయెడల దాని కుడి అంచున చిన్న గంటు పడును. ఆ గంటు పడిన కార్డునకే విలువ. తన కార్డును తానే సరిచూచుట అచ్చట కూడదు. ఒక్క అంకె తప్పినను నెల్లూరు చేరిన సరకు నాగపూరు పద్దులో లెక్కకు వచ్చునని మా అక్క చెప్పెడిది.

ఇట్లు ఆమె పదునెనిమిదేండ్లు కార్డులు పొడిచినది, సరిచూచినది. తరువాత తెరలు గల యంత్రములు వచ్చెను, కార్డులు పోయెను. లక్షలకొలది కార్డులను కార్యాలయమువారు తూకమునకు అమ్మివేసిరి. మా అక్క భాగవతము పుస్తకమున గుర్తుగా పెట్టుకొన్న కార్డొకటి ఇల్లు మారినప్పుడు ఎటో పోయినది. బడిపంతులునగు నాకు, నేను చదువు చెప్పిన పిల్లలు ఇప్పటికిని దారిలో కనబడి నమస్కరింతురు. మా అక్క చేతిపనికి ఆనవాలుగా ఈ లోకమున కాగితపు నలుసైన మిగులలేదు. "నేను చేసినదేమున్నదిరా తమ్ముడా, చిల్లులు పొడుచుటయే గదా!" అని ఆమె అనును. ఆ మాటను నేను ఒప్పుకొనను.

కావున ఆ పట్టికలోని "అరగంట"ను కొట్టివేసి, ఈ ప్రదర్శనశాల సంగతి నేను చూచుకొందునని మేనల్లునితో చెప్పితిని. నాలుగు దినములు దానిని గూర్చి చదివితిని.

ఈ ప్రదర్శనశాల మొదట కాలిఫోర్నియాలో పుట్టినది కాదు. 1979లో అమెరికా తూర్పు తీరమున మార్ల్‌బరో అను ఊర ఒక కంప్యూటరు సంస్థ ఆవరణమున వెలసి, 1984లో బోస్టను నగరమునకు మారి, ఆ శతాబ్దము చివర పడమటి తీరమునకు వచ్చెను. మౌంటెన్ వ్యూలోని ఇప్పటి భవనమును 2002లో సంపాదించిరి. ప్రధాన ప్రదర్శనమును 2011 జనవరిలో తెరచిరి. గణనము యొక్క తొలి రెండువేల సంవత్సరములు అని దానికి పేరు. పూసల చట్రము మొదలుకొని నేటి కంప్యూటరు వరకు 19 విభాగములు. సుమారు 1,100 వస్తువులు. నేను లెక్కల పంతులను గనుక వెంటనే గుణించి చూచితిని. వస్తువునకు ఒక్క నిమిషము చొప్పున నిలిచినను 18 గంటలు దాటును. మా అక్కకు డెబ్బది యేడేండ్లు. మోకాళ్ల నొప్పులు. ఏకధాటిగా పది నిమిషములకన్న నిలువలేదు. అరగంట ఎంత తక్కువయో, అన్నియు చూడవలెననుట అంత అసాధ్యము.

అయినను నాకు కావలసినది అచ్చట దొరకినది. 1959లో ఐ.బి.ఎం.వారు ప్రకటించిన ఆ 1401 యంత్రములు ఆ ప్రదర్శనశాలలో రెండున్నవి. ఒకటి జర్మనీనుండి వచ్చినది; రెండవది కనెక్టికట్ రాష్ట్రమునుండి వచ్చినది. పని మాని మూలబడియున్న ఆ యంత్రములను, ఒకప్పుడు అట్టి యంత్రములను బాగుచేయుటయే వృత్తిగా గలిగి, పదవీవిరమణ చేసిన ఇంజనీర్లు ఏండ్ల తరబడి శ్రమించి నడిపించిరి. జర్మనీ యంత్రమునకు అదనపు చిక్కు. మన దేశమునందువలె అచ్చటి విద్యుత్తు సెకనునకు 50 ఆవృత్తులు గలది, అమెరికాలో 60. దానికొరకు వేరుగా విద్యుత్తును మార్చు ఏర్పాటు చేయవలసివచ్చెను. 2013లో ఆ గదిని సందర్శకులకు తెరచిరి. కార్డులను చదువు యంత్రము నిమిషమునకు 800 కార్డులను మ్రింగును. అచ్చువేయు యంత్రము నిమిషమునకు 600 పంక్తులను వెలువరించును. ఇంత హడావిడి చేయు ఆ గణనయంత్రపు జ్ఞాపకశక్తి ఎంతయనిన, అత్యధికముగా 16,000 అక్షరములు. మీ చేతిలోని పుస్తకపు పదిపుటలు చేరునప్పటికి అది నిండిపోవును!

మన దేశమునకు వచ్చిన 1401 యంత్రములలో పెక్కు అమెరికాలో కొంతకాలము వాడబడినవే. వానిని బొంబాయిలో బాగుచేసి మన కార్యాలయములకు అద్దెకిచ్చుచుండిరి. ఈ సంగతి చెప్పగా మా అక్క నవ్వి, "అయితే వారు వాడి విడిచినదానితో మనము పదునెనిమిదేండ్లు నెట్టుకొంటిమన్నమాట. ఇప్పుడు దాని పుట్టింటికే వచ్చితిని," అనెను. ప్రదర్శనశాల యున్నది షోర్‌లైన్ బులెవార్డు అను వీధిలో. దాని ఇంటి సంఖ్యయు 1401. ఇది కేవలము కాకతాళీయమే గాని, మా అక్క దానిని శుభశకునముగా గ్రహించినది. నేను వాదింపలేదు.

ఇక ఏర్పాటు. ఆ యంత్రములను ఎల్లవేళల నడుపరు. నడుపువారు వృద్ధులు, జీతము లేక పనిచేయువారు. వారమున నిర్ణీత దినములందు, నిర్ణీత వేళకు మాత్రమే నడిపి చూపుదురు. మా మేనల్లునకు తీరిక గలది ఆదివారము. ఆ నెలలో యంత్రము నడపు దినములలో ఆదివారము లేదు. శనివారము నడుపుదురు గాని, మాకు మిగిలిన ఒక్క శనివారమున అతని మిత్రుని గృహప్రవేశము. ఇక నున్నది బుధవారము మధ్యాహ్నము.

"బుధవారము సెలవు పెట్టవలయునా, మామయ్యా? ఆదివారము పోయి యంత్రమును చూచిన చాలదా? నడచినను నడువకున్నను యంత్రము అదియే గదా!" అని అతడనెను.

"సాలార్‌జంగు గడియారమును నీవు చూచితివా?" అని అడిగితిని.

"చిన్నప్పుడు చూచితిని. ఆ బొమ్మ వచ్చి గంట కొట్టును."

"గంట కొట్టని వేళ ఆ గడియారమెట్లుండునో చెప్పగలవా?"

అతడు కొంచెమాలోచించి, మాటాడక, ఫోనులో సెలవునకై వ్రాసెను.

దినము కుదిరిన పిదప క్రమమును గూర్చి ఆలోచించితిని. ప్రదర్శనశాలలందు మనవారు చేయు పనియేమనిన, మొదటి గదిలోని మొదటి వస్తువు వద్ద అరగంట నిలిచి, పలక మీది వ్రాత నంతయు చదివి, నాలుగవ గది చేరునప్పటికి అలసి, తక్కినవానిని పరుగుతో ముగింతురు. ఈ క్రమమును పాటించినచో మా అక్క పూసల చట్రముల వద్దనే అలసిపోవును. కావున దారిని నడుమ నుండి మొదలుపెట్టితిని. ముందు రెండు వస్తువులు; పిదప మూడు గంటలకు 1401 గది; ఆపైన శక్తి మిగిలినచో మిగిలినవి. చక్రాల కుర్చీ యొకటి కారులో ఉండవలెను. అది తనకక్కరలేదని ఆమె అనును, అయినను ఉండవలెను.

ఆ రెండు వస్తువులలో మొదటిది హోలరితు యంత్రము. 1880లో అమెరికాలో తీసిన జనాభా లెక్కలను చేతితో కూడి తేల్చుటకు ఏడెనిమిదేండ్లు పట్టెను. తరువాతి లెక్కలు తీయువేళ ముంచుకొని వచ్చుచుండెను. అప్పుడు హెర్మన్ హోలరితు అను ఇంజనీరు ఒక్కొక్క మనిషికి ఒక్కొక్క కార్డు చొప్పున ఏర్పరచి, వయస్సు, వృత్తి మొదలైన వివరములను చిల్లులుగా కొట్టించెను. కార్డును యంత్రమున నుంచి పిడిని దింపగానే సూదులు దానిపై దిగును. చిల్లున్నచోట సూది లోనికి పోయి క్రిందనున్న పాదరసపు గిన్నెను తాకును. తాకగానే విద్యుత్తు ప్రవహించి, గడియారము వంటి ముఖముపై ముల్లు ఒక అంకె ముందునకు జరుగును. చిల్లు లేనిచోట సూది ఆగిపోవును. 1890 జనాభా లెక్కలు ఈ విధముగా చేయబడెను. ఎంత సులభమైన ఉపాయము! మా అక్క నలుసులు దులుపుకొన్న కథ ఈ పాదరసపు గిన్నెలకడ ఆరంభమైనది.

నిజమునకు దాని ఆరంభము ఇంకను వెనుకనున్నది. ఫ్రాన్సుదేశమున జాకార్డు అను నేతపనివాడు పందొమ్మిదవ శతాబ్దపు తొలి యేండ్లలో, చిల్లుల అట్టలను గొలుసువలె కుట్టి, మగ్గముపై వ్రేలాడదీసి, ఏ పోగు లేవవలెనో ఏది ఆగవలెనో వానిచేత నిర్ణయింపజేసెను. ఇది తెలిసికొనుటకు ఫ్రాన్సునకు పోనక్కరలేదు. ధర్మవరమున పట్టుచీరలు నేయు ఇంటికి పోయి మగ్గము పైకి చూచినచో ఆ చిల్లుల అట్టలు కనబడును. అంచున హంస రావలెనన్నను, కొంగున మామిడిపిందె రావలెనన్నను ఆ చిల్లులే చెప్పవలెను. మా అక్క పెండ్లికి కొన్న చీర ధర్మవరపుదే. ఆ చీర నేసిన అట్టలును, ఆమె జీవనమునకు ఆధారమైన కార్డులును ఒకే వంశమునకు చెందినవని తెలిసినప్పుడు నాకు కలిగిన సంతోషము ఇంతయని చెప్పలేను.

రెండవ వస్తువు ఎనియాక్. అది 1946 ఫిబ్రవరిలో లోకమునకు ప్రకటింపబడిన గణనయంత్రము. బరువు సుమారు 30 టన్నులు. సుమారు 18,000 గాజు వాల్వులు. దాని భాగములు కొన్ని మాత్రమే అచ్చట ఉంచిరి. అది ఎంత పెద్దదో చూపుటకు నేను దానిని ఎన్నుకొనలేదు. దానిచేత లెక్కలు చేయించుటకు తీగలెట్లు కలుపవలెనో, మీటలెట్లు నిలుపవలెనో ఆలోచించి ఏర్పరచినవారు ఆరుగురు యువతులు. అంతకుముందు వారు ఫిరంగి గుండ్ల మార్గములను చేతితో లెక్కించు ఉద్యోగమున ఉండిరి. ఆ కాలమున ఇంగ్లీషులో కంప్యూటరు అను మాటకు లెక్కలు చేయు మనిషి యనియే అర్థము. యంత్రమును ప్రకటించిన దినములలో పత్రికలు దాని బరువును, వేగమును పొగడెను గాని ఆ యువతుల పనిని గుర్తింపలేదు. ఛాయాచిత్రములలో యంత్రము ప్రక్కన నిలిచిన స్త్రీలెవరో దశాబ్దముల తరువాత గాని లోకమునకు తెలియలేదు. కే మెక్నల్టీ, బెట్టీ జెన్నింగ్సు, బెట్టీ స్నైడరు, మార్లిన్ వెస్కాఫ్, ఫ్రాన్ బిలాసు, రూత్ లిక్టర్మన్ అనునవి వారి పేర్లు. ఈ ఆరు పేర్లను నేను కాగితముపై తెలుగులో వ్రాసియుంచితిని. ఆ భాగముల ముందు నిలిచి మా అక్కకు చదివి వినిపింపవలెనని నా సంకల్పము.

తక్కినవానిలో చూడదగినవి లేకపోలేదు. బల్లవలె కూర్చుండుటకు వీలైన పీఠము చుట్టునున్న క్రే-1, 1962లో పుట్టిన అంతరిక్ష యుద్ధపు ఆటను ఆడుటకు నిలిపిన పీడీపీ-1, చంద్రునికి పోయినవారి వెంట నడచిన యంత్రము వంటిది, ఆపిల్ సంస్థ మొదటి కంప్యూటరు, ఇవి మేనల్లుని పాలు. అతడు మరియొక ఆదివారము వచ్చి తీరికగా చూచుకొనవచ్చును. మన దేశపు కథయు చెప్పవలసినంత కలదు. 1955-56లో కలకత్తాలోని గణాంకశాస్త్ర సంస్థకు ఇంగ్లాండునుండి వచ్చిన యంత్రము, 1960లో బొంబాయిలో మనవారే నిర్మించిన టిఫ్రాక్, 1969లో హైదరాబాదున ఇ.సి.ఐ.ఎల్.వారు తయారుచేసిన టి.డి.సి.-12, ఇవన్నియు అందులోనివే. వానిని గూర్చి ఆ రాత్రి భోజనము వేళ చెప్పితిని. మేనల్లుడు హైదరాబాదు మాట వినగానే అన్నము కలుపుట మాని ఆలకించెను.

ఏర్పాటులో నాకు మిక్కిలి ముఖ్యమైనది ఇంకొకటి. ఆ గదిలో పంచింగ్ యంత్రము కూడ కలదనియు, సందర్శకులు తమ పేరును కార్డుపై పొడుచుకొనుటకు అవకాశమిత్తురనియు చదివితిని. ఆ మాట చెప్పగా మా అక్క వెంటనే బదులు పలుకలేదు. తన కుడిచేతిని ఒడిలో బెట్టుకొని చూచుకొనెను. ఉంగరపు వ్రేలు ఈ మధ్య సరిగా వంగుట లేదు. "నలువది యేండ్లయినదిరా. మరచిపోయియుందును. పదిమందిలో నవ్వులపాలగుదునేమో," అనెను. నేను బలవంతపెట్టలేదు. కాని మరునాటి మధ్యాహ్నము ఆమె కిటికీ ప్రక్కన కూర్చుండి వెలుపలికి చూచుచుండగా, కుర్చీ చేతిపై ఆమె మూడు వ్రేళ్లు చకచక ఆడుచుండుట చూచితిని. ఎడమచేయి లేని కాగితమును త్రిప్పుచుండెను.

ఆ సాయంకాలము ఆమెయే నాయొద్దకు వచ్చి, "మొత్తము ఎనుబది వరుసలున్నవి. పేరొక్కటియే యేల? చేరిన సంవత్సరము, కార్యాలయపు ఉద్యోగ సంఖ్య కూడ పట్టును. సంఖ్య నాకు గుర్తున్నది," అనెను. నేను కాగితముపై గడులు గీచి యిచ్చితిని. ఇంటిపేరు ఎన్ని వరుసలు, సంవత్సరము ఏ వరుసనుండి, నడుమ ఎన్ని ఖాళీ, అన్నిటిని ఆమె నిర్ణయించినది. తెలుగు అక్షరములకు ఆ యంత్రమున చోటు లేదు. ఇంగ్లీషు పెద్ద అక్షరములే వేయవలెను. బుధవారము ఉదయము ప్రదర్శనశాలకు ఫోనుచేసి, ఆనాడు యంత్రము నడచునో లేదో కనుగొనవలెనని కాగితము మొదట వ్రాసి, ఎర్ర సిరాతో గీత గీచితిని. ముసలి యంత్రములు, ముసలి మనుష్యులు; ఎవరికేమి నలతగా ఉండునో చెప్పలేము.

మంగళవారము రాత్రి అంతయు సిద్ధమైనది. కండ్లద్దములు, మాత్రలు, మంచినీళ్ల సీసా, గడులు గీచిన కాగితము ఒక సంచిలో పెట్టితిమి. మేనల్లుడు కారులో చక్రాల కుర్చీ పెట్టివచ్చెను. అప్పుడు మా అక్క, "అంతయు బాగున్నది గాని, కార్డును సరిచూచువారెవరు?" అని అడిగెను.

"సరిచూచుట యేలనమ్మా? జ్ఞాపకార్థము ఇంటికి తెచ్చుకొను కార్డేగదా!" అని కొడుకనెను.

"సరిచూడని కార్డు కార్డు కాదు, నాయనా. పొడిచినది నేనే, సరిచూచునది నేనే యైన కుదరదు."

అతడు తల్లివైపు కొంతసేపు చూచెను. మెరుగులు దిద్దని, మరియొకరు సరిచూడని వ్రాతను తన కార్యాలయమున కూడ ముందుకు పోనీయరని అతడొకసారి నాతో చెప్పియుండెను. కుర్చీ లాగికొని ఆమె ప్రక్కన కూర్చుండి, "అయితే నేను సరిచూచెదను. ఏ అక్షరమునకు ఎచ్చట చిల్లో చెప్పుము," అనెను.

ఆమె గడుల కాగితమును బోర్లించి వెనుకవైపున వ్రాయ మొదలిడెను. మొదటి తొమ్మిది అక్షరములకు పైవరుసలో ఒక చిల్లు, క్రింద ఒకటినుండి తొమ్మిదివరకు ఒకటి. తరువాతి తొమ్మిదింటికి రెండవ వరుసలో ఒక చిల్లు, క్రింద మరల ఒకటినుండి తొమ్మిది. మిగిలిన ఎనిమిదింటికి సున్న వరుసలో ఒకటి, క్రింద రెండునుండి తొమ్మిది. అతడు వ్రేలితో వరుసలు తడవుచు, పెదవులు కదలించుచు కంఠస్థము చేయుచుండెను. ఎస్ అను అక్షరమువద్ద ఆగి, "ఇచ్చట ఒకటిని విడిచి రెండుతో ఏల మొదలిడిరమ్మా?" అని అడిగెను.

"మాకట్లే నేర్పిరి. తరువాతిది చెప్పుము," అని ఆమె కాగితమును అతని చేతినుండి తీసికొనెను.